జట్టు ట్యూబులో కొండమ్మ

ఓడ రావడానికి 44 రోజులు

యంత్రం వేడి: సరిగ్గా ఉంది. గదిలో తేమ: ఎక్కువ. ఉప్పు: తలుపు సందులో, కుర్చీ కింద, నా కనురెప్పల మీద.

మొదటి రెండూ రాస్తే చాలని రూలు. మిగతాది నేనే రాస్తున్నాను. రేపు ఈ బల్ల దగ్గర కూర్చునేవాళ్లకి యంత్రం ఎంత వేడెక్కిందో తెలిస్తే సరిపోదు, ఇక్కడ ఏం జరిగిందో తెలియాలి.

నా పేరు మైలపల్లి నూకరత్నం. ఇరవై నాలుగేళ్లు. సముద్రం మీద తేలే మా ఊరు మూడో తెప్ప, దాని ఆసుపత్రిలో జన్యు యంత్రం నడుపుతాను. కాలేజీ గడప తొక్కలేదు. పన్నెండో ఏట రొయ్యల హ్యాచరీలో చేరాను. అక్కడ రొయ్య పిల్లలకి వైరస్ ఉందో లేదో చూసే చిన్న యంత్రం ఉండేది. దాని పుస్తకం ఉప్పునీళ్లలో తడిసి అట్టలూడిపోతే, పేజీలు విడదీసి ఎండబెట్టి చదువుకున్నాను. ఇక్కడి పెద్ద యంత్రాన్నీ అలాగే నేర్చుకున్నాను. అందుకే తెప్ప మీద నన్ను రొయ్యల డాక్టరంటారు. అననీ. యంత్రం మొరాయిస్తే మాత్రం నా తలుపే కొడతారు.

ఈ పొద్దున లంగరు జట్టు వచ్చింది. ఐదుగురు. మూడో తెప్పని సముద్రం అడుక్కి కట్టి ఉంచే గొలుసుల్ని చూసుకునేది వీళ్లే. పోయిన వారం నీళ్లలో జెల్లీచేపల మంద తగిలి ఐదుగురికీ ఒళ్లు కమిలింది, మెడల్లో బిళ్లలు కట్టాయి. డాక్టర్ పట్నాయక్ ఒక్కొక్కరి మెడలో సూది పెట్టి చుక్క తీశారు. ఐదు చుక్కలూ నేను ఒకే ట్యూబులో పోశాను. దానికి ఎర్రదారం కట్టి "లంగరు జట్టు" అని రాశాను.

ఇక్కడ ఎవరినీ ఒంటరిగా పరీక్ష చేయం. మైకులో మనిషి పేరు పిలవం. జట్టు పేరే పిలుస్తాం, జట్టంతా ఒకరి మణికట్టు ఒకరు పట్టుకుని వస్తారు. అదంతే.

జట్టు పెద్ద సూరాడ కొండమ్మ. నలభై దాటాయి. ఇప్పటికీ అందరికంటే లోతుకి దిగేది ఆవిడే.

"ఒలే రత్నం, ఆ యంత్రంలో నన్నేస్తే రొయ్యనని సెప్పీదు గదా?"

"రొయ్యలు ఇంత మాట్లాడవత్తా."

"మాటాడవు గాబట్టే కూరైపోతన్నాయి."

డాక్టరు అడిగిన ప్రశ్న ఇది: ఇవి మామూలు బిళ్లలా, లింఫోమానా? మన ఒంట్లో కాపలా కణాలుంటాయి. ఒక్కోటి ఒక్కో తీరు జన్యుముక్కతో పుడుతుంది. మామూలు వాపులో వేల రకాలు కలిసి ఉంటాయి కాబట్టి గ్రాఫు ఇసుక గుట్టలా వస్తుంది. లింఫోమా అంటే ఆ కణాల్లో ఒకటి దారి తప్పి, బిళ్లనంతా తన పిల్లలతోనే నింపేసే క్యాన్సరు. అప్పుడు గ్రాఫులో ఒకే గీత తెరచాప కొయ్యలా నిటారుగా లేస్తుంది.

గుట్ట వచ్చింది. "లంగరు జట్టు: మామూలు వాపు" అని రాసి సంతకం పెట్టాను.

ఓడ రావడానికి 30 రోజులు

యంత్రం వేడి: సరిగ్గా ఉంది. నా వేడి: సరిగ్గా లేదు.

జట్టులో నలుగురి బిళ్లలు కరిగిపోయాయి. కొండమ్మవి కరగలేదు. మూడున్నాయి, నొప్పి లేదు, నొక్కితే రబ్బరులా జారుతున్నాయి. తెల్లారేసరికి పక్క చెమటతో తడిసిపోతోందట. నడుముకి కట్టుకునే తాడు ముడి రెండు బెత్తెలు లోపలికి జరిగింది. ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, నేను చూశాను. తాడు మీద పాత ముడి మరక ఉంది.

డాక్టరు టీబీ మాత్రలు మొదలుపెడదామన్నారు. నాకు ఒళ్లు మండింది.

"టీబీ క్రిమి కనపడిందా సార్?"

"కనపడలేదు. ఒక్కోసారి కనపడదమ్మా. మైక్రోస్కోపులో కణాలు చిన్నవి, అటూ ఇటూ తేలడం లేదు."

"తేలనిదానికి ఆరు నెలల మాత్రలా? దగ్గు లేదు, జ్వరం లేదు. మనిషి కరిగిపోతుంటే ఊరికే చూస్తారా?"

ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. ఆయనకి అరవై రెండేళ్లు. తెప్పకి ఒక్క డాక్టరు.

"నాకూ లింఫోమా అనుమానమే రత్నం. కానీ నీ కాగితమే కదా మామూలు వాపంది."

తలుపు విసిరికొట్టి వచ్చేశాను. తలుపు ఏం చేసింది పాపం. ఈ తెప్ప మీద ఏ పనైనా సగమే అవుతుంది, తప్పు మాత్రం ఎప్పుడూ పక్కవాడిదే.

ఓడ రావడానికి 26 రోజులు

తప్పు నాది.

ఇది ఎక్కడ తెలిసిందో ఉన్నదున్నట్టు రాస్తాను. వాడిన ట్యూబులు కడుగుతున్నాను. ఎర్రదారాలు విప్పి మేకుకి తగిలిస్తున్నాను. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంటే, నాకు హ్యాచరీలో నా పదిహేనో ఏడు గుర్తొచ్చింది.

సీడు కొనే రైతులు ఒకటి గట్టిగా అడిగేవారు: చెరువులో వేసే పిల్లలు రకరకాల తల్లులవి కావాలి. అన్నీ ఒకే తల్లివైతే ఒక్క రోగానికి చెరువు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఒక ఏడు మా తొట్లలో ఒకటి నిండా ఒకే తల్లి పిల్లలు. ఓనరు నన్ను పిలిచి, ఆ తొట్టెలోంచి ఒక బకెట్టు, మిగతా నాలుగు తొట్లలోంచి నాలుగు బకెట్లు కలిపి పరీక్షకి ఇమ్మన్నాడు. కలిపాను. పరీక్షలో "చాలా తల్లులు" అని వచ్చింది. ఓనరు నవ్వాడు. రైతు చెరువు పోయింది.

ఐదు తొట్లు కలిపితే ఒంటితల్లి తొట్టె దాక్కుంటుంది. ఆ మోసం నాకు తెలుసు, స్వయంగా చేసినదాన్ని. అదే పని కొండమ్మ మెడకీ చేశాను.

వైరస్ అయితే కలిపి చూడొచ్చు. అక్కడ ప్రశ్న ఒకటే: ఉందా, లేదా? పది రొయ్యల్ని కలిపినా ఉంటే కనపడుతుంది. కాపలా కణాల దగ్గర ప్రశ్న అది కాదు. ఇవన్నీ ఒకే తల్లివా? నలుగురి వేల రకాలు ఆవిడ చుక్క మీద పోశాక యంత్రం ఏం చెబుతుంది? గుట్ట అనే చెబుతుంది. పాత గ్రాఫు తీసి చూశాను. గుట్ట నడుమ ఒక గీత పక్కవాటికంటే వెంట్రుకవాసి ఎత్తు. ఆ రోజు కూడా చూశాను, మచ్చ అనుకున్నాను.

గోడ మీద అట్ట ఒకటుంది. "అన్ని పరీక్షలూ జట్టు ట్యూబులోనే. నియమం రాసినది: మైలపల్లి నూకరత్నం." నాలుగేళ్ల కిందట రాశాను. పరీక్ష మందు ఓడ వస్తేనే వస్తుంది, కలిపి చూస్తే ఐదింతలు మిగులుతుంది. పైగా జనం ఆచారానికీ సరిపోయింది. అందరూ మెచ్చుకున్నారు. అట్ట చుట్టూ పువ్వుల బార్డరు కూడా వేసుకున్నాను.

ఓడ రావడానికి 25 రోజులు

డాక్టరుకి చెప్పాను. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. "ఆ కాగితం కింద సంతకం నాదీ ఉందమ్మా. నాకూ తట్టి ఉండాల్సింది," అన్నారు. తర్వాత వేళ్ల మీద లెక్కపెట్టారు. ఈసారి సూది చుక్క చాలదు, బిళ్లలోంచి చిన్న ముక్క తీయాలి. సగం మైక్రోస్కోపుకి, సగం నా యంత్రానికి. కాగితం మనిషి పేరుతో ఉంటేనే ఆసుపత్రి ఓడ ఎక్కించుకుంటుంది. ఓడ మూడు రోజులుంటుంది, మళ్లీ వచ్చేది ఐదు నెలలకి.

కొండమ్మ గొలుసుకి పట్టిన గుల్లలు గీకుతోంది. పక్కన కూర్చుని, ఈసారి ట్యూబులో నువ్వొక్కదానివే ఉండాలత్తా అని చెప్పాను.

గీకడం ఆగింది.

"ఒంటి ట్యూబా?"

"అవును."

"నానియ్యను."

"అత్తా, ఇందులో..."

"మా అయ్యకి ఒంటి ట్యూబే తీసేరు. జొరాల ఏడు. మైకులో సూరాడ బంగారయ్యా అని పిలిసేరు. ముప్పై మందిని అలాగే పేరుపేరునా పిలిసి, బల్లకట్టు మీదెక్కించి, తగ్గినాక తెస్తామని తాడిప్పేసేరు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ బల్లకట్టు ఇప్పటికీ రాలేదే గుంటా." మళ్లీ గుల్లలు గీకడం మొదలుపెట్టింది. "ఇంకేటి సెప్తావు? సెప్పు."

రాలిన గుల్లల్ని చేత్తో ఊడ్చి నీళ్లలో పడేసి వచ్చేశాను.

ఓడ రావడానికి 19 రోజులు

ఆరు రోజులు బతిమాలాను. ఆరు రోజులూ నవ్వింది. ఈరోజు లంగరు అరుగు దగ్గర జట్టు అన్నం తింటుంటే వెళ్లి అందరి ముందూ నిలబడ్డాను. కొండమ్మ రెండు ముద్దలు తిని గిన్నె పక్కన పెట్టేసింది.

"మీ పెద్ద చచ్చిపోతుంది," అన్నాను. ఇంకోలా చెప్పడం నాకు రాదు. "జబ్బేమిటో తేలితే మందుంటుంది. తేలనివ్వడం లేదు."

"నోరు కడుక్కో," అంది కొండమ్మ.

"కడుక్కుంటాను. ముందు ఇది వినండి. పోయిన నెల మామూలు వాపని రాసింది నేను. అది తప్పు. యంత్రం తప్పు కాదు, డాక్టరు తప్పు కాదు. మీ ఐదుగురివీ కలిపింది నేను. కలిపితే ఈవిడ జబ్బు మీ నలుగురి మంచి నెత్తురులో దాక్కుంది. ఆవిణ్ణి కాపాడుతున్నామనుకుని మీరే అడ్డం నిలబడ్డారు. నిలబెట్టింది నేను."

జట్టులో అందరికంటే ముసలి తాతారావు చెయ్యి కడుక్కుని, తుండుతో మెల్లగా తుడుచుకుని అడిగాడు.

"కలపకుండా నా ఒక్కడిదీ సూస్తే నాకేటి వస్తాది?"

"గుట్ట వస్తుంది మావా. నీకేం లేదు."

"ఏటీ లేదని ఒంటి ట్యూబులో సెప్తాదా?"

"చెబుతుంది."

"అయితే మా అందరికీ ఒంటి ట్యూబే తియ్యి. ఐదు ట్యూబులు. ఐదిటికీ ఒకటే దారం. ఒకర్ని బల్లకట్టు ఎక్కించాలంటే ఐదుగుర్నీ ఎక్కించాల. అప్పుడు ఈ తెప్పని ఎవుడు కట్టి ఉంచుతాడో సూద్దుం."

కొండమ్మ గిన్నె మళ్లీ దగ్గరికి లాక్కుంది. "ముసిలోడా, నీకు సూదంటే బయ్యిం గదరా."

"బయ్యిమే. ఆ సెయ్యి నువ్వు పట్టుకో."

ఓడ రావడానికి 12 రోజులు

పరీక్ష మందు మిగిలింది పన్నెండు సార్లకి. ప్రతి ట్యూబూ రెండుసార్లు చూడాలి. గీత రెండుసార్లూ ఒకేచోట లేస్తేనే నిజం. ఐదుగురికి పది. ఒకటి జబ్బు ఉందని ముందే తెలిసిన నమూనాకి, ఒకటి ఉత్త నీళ్లకి. పన్నెండు. ఒక్క కొలత తప్పితే మళ్లీ చూడటానికి చుక్క మిగలదు.

జబ్బు లేని నలుగురికి మందు తగలేయడం దండగ. నిజంగానే దండగ. ఆ దండగ లేకుండా ఆవిడ మెడ నా చేతికి రాదు కాబట్టి నోరు మూసుకుని కొలిచాను. నలుగురి చేతుల్లోంచి నెత్తురు తీశాను. తాతారావు కళ్లు గట్టిగా మూసుకుని కొండమ్మ చెయ్యి నలిపేశాడు. కొండమ్మ మెడలోంచి డాక్టరు గోటిమొనంత ముక్క తీశారు.

ట్యూబుల మీద మొదటిసారి మనుషుల పేర్లు రాశాను. ఐదిటినీ కలిపి ఒకే ఎర్రదారం చుట్టాను.

"నా పేరు సరిగ్గా రాసేవా?" అంది కొండమ్మ. ఆవిడకి చదవడం వచ్చు. అయినా నాతో పైకి చదివించుకుంది.

ఓడ రావడానికి 10 రోజులు

యంత్రం వేడి: సరిగ్గా ఉంది. తేమ: నాలుగు తువ్వాళ్లు కప్పి తగ్గించాను.

ఉత్త నీళ్లు: ఏమీ లేదు. తెలిసిన నమూనా: గీత. తాతారావు: గుట్ట. మిగతా ముగ్గురు: గుట్ట, గుట్ట, గుట్ట.

సూరాడ కొండమ్మ: గీత. నిటారుగా, పక్కన గడ్డిపరక కూడా లేకుండా. రెండోసారి: అదే గీత, అదే చోట. పాత జట్టు గ్రాఫులో నేను మచ్చనుకున్న చోటే.

నాకు సంతోషమేసింది. సిగ్గులేకుండా రాస్తున్నాను. ఆవిడకి క్యాన్సరున్నందుకు కాదు, దాక్కున్నది దొరికినందుకు.

వేరే డబ్బాలోని మందుతో రెండో పరీక్ష కూడా చేశాను. పద్దెనిమిదో క్రోమోజోము ముక్క తెగి పద్నాలుగోదానికి అతుక్కుని ఉంది. చావాల్సిన కణాన్ని చావనివ్వని అతుకు అది. డాక్టరు ఆ కాగితం పక్కన మైక్రోస్కోపు బొమ్మ పెట్టారు. ఈసారి ముక్క పెద్దది కాబట్టి కణాలు గుండ్రంగా గుంపులు కట్టడం కనపడుతోంది.

"ఒక్క జన్యు కాగితం చూసి జబ్బు పేరు పెట్టకూడదు రత్నం. మెడ మీద చెయ్యి, కంటికి కణం, నీ గీత, నీ అతుకు. ఇన్నీ ఒకే మాట చెబుతున్నాయి. ఫాలిక్యులర్ లింఫోమా." ఈసారి కళ్లద్దాలు తుడుచుకోలేదు. "నెమ్మదిగా పెరిగే రకం. మందుకి లొంగుతుంది. ఎప్పుడో మళ్లీ తల ఎత్తొచ్చు. ఎత్తితే గుర్తుపడతాం. దాని ముద్ర మన దగ్గరుంది."

జట్టంతా గదిలోనే ఉంది. కొండమ్మ ఐదు గ్రాఫులూ బల్ల మీద పరుచుకుని వేలితో ఒక్కోటీ తడిమింది.

"ఇది నానా?"

"నువ్వే అత్తా."

"నలుగురూ మట్టిగుట్టలు. నానొక్కర్తినే తెరసాప కొయ్యి." తాతారావు వైపు తిరిగింది. "సూసేవా, అందులోనూ నానే పెద్ద."

ఎవరూ నవ్వలేకపోయారు. ఆవిడే నవ్వింది.

ఓడ వచ్చిన రోజు

మైకు దగ్గర నేనున్నాను. ఓడవాళ్లు పేరు పిలవమన్నారు. కొండమ్మ కింద నుంచి చెయ్యూపింది.

"పిలవకే. ఇప్పుడొద్దు. పిలిస్తే నా కాళ్లు కదలవు."

మైకు కట్టేశాను. పేరు మైకులో వినకుండా ఎక్కించుకోవడం కుదరదని ఓడ గుమస్తా నసిగాడు. కాగితం వాడి ముక్కు ముందు పెట్టాను. "పేరు ఇక్కడుంది, చదువుకో. నీకు నోరుంటే నాకూ ఉంది." చదువుకున్నాడు. జట్టు నలుగురూ మణికట్లు పట్టుకుని ఓడ మెట్ల దాకా తీసుకెళ్లారు. చివరి మెట్టు దగ్గర ఆవిడే చెయ్యి విడిపించుకుని ఎక్కింది.

ఓడ తెచ్చిన పరీక్ష మందు నాలుగు పెట్టెలు నా గదిలో దించారు. గోడ మీది అట్ట చింపేశాను. కొత్తది రాశాను: "క్రిమి ఉందా లేదా అని చూసేది జట్టు ట్యూబులో. బిళ్ల ఏమిటో తేల్చేది మనిషి ట్యూబులో. పాత నియమం తప్పు. అది రాసినది నేనే." పువ్వులు వేయలేదు.

ఓడ వెళ్లాక 60వ రోజు

లంగరు జట్టుది కాక, నాలుగేళ్లలో మెడ బిళ్లలకి నేను కలిపి చూసిన జట్టు ట్యూబులు పదకొండు. మనుషులు నలభై ఏడు మంది. అందరి ఇళ్లకీ వెళ్లి, తప్పు చేశాను, మళ్లీ చూస్తానని చెప్పాను. కొందరు తిట్టారు. కూర్చుని విన్నాను. ఐదు ట్యూబులకి ఒకే దారం అన్న తాతారావు పద్ధతి నాకంటే ముందే తెప్పంతా పాకింది, ఎవరూ ఇవ్వనన్లేదు. నలభై ఐదు మందికి ఏమీ లేదు. వలలు అల్లే ఒకావిడకి గీత లేచింది, ఇంకా మొదట్లోనే ఉంది, వచ్చే ఓడకి పంపిస్తాం.

నలభై ఏడోవాడు రేవు జట్టు మనిషి. పోయిన ఏడాది పోయాడు. దగ్గుతో పోయాడనుకున్నాం. ఏమిటో నాకు తెలియదు, ఇక తెలియదు. వాళ్లావిడకి అదే చెప్పాను. ఆవిడ నాకు మంచినీళ్లిచ్చింది.

ఓడ మళ్లీ వచ్చిన మూడో రోజు

కొండమ్మ మొన్న ఓడ రాగానే దిగింది. జుట్టు లేదు, ఒళ్లుంది. తాడు ముడి పాత మరక దగ్గరికి వచ్చింది. మెడ తడిమి చూశాను, చేతికి ఏమీ తగల్లేదు. చేతిని నమ్మి ఊరుకునే రకం కాదు నేను. నెత్తురు తీసి, ఆవిడ గీత ముద్ర ఏదైతే ఉందో అచ్చంగా దానికోసమే యంత్రాన్ని వెతకమన్నాను. రెండుసార్లు.

ఈసారి దారం కట్టబోతే వద్దంది. "ఒంటిగానే ఉండనీ. మూడు నెల్లకోసారి ఇస్తాను గదా, దారాలన్నీ నాకే అయిపోతాయి."

ఫలితం: కనపడలేదు. కనపడలేదు.

డాక్టరు కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలారు. కొండమ్మకి చదివి వినిపించాను. "కనపడలేదంటే పోయినట్టా?" అంది. "ఇప్పటికి లేదు. వస్తే పట్టుకుంటాను," అన్నాను.

ఆవిడ లేచి మైకు వైపు చూపించింది.

"ఇప్పుడు పిలువు."

"ఏం పిలవమంటావత్తా?"

"పేరే. మొత్తం. మా అయ్యని పిలిసినంత గట్టిగా."

కిందికి దిగి, చేపలు ఆరబెట్టే అరుగు నడుమ జనంలో నిలబడింది. నేను మైకు వేశాను.

"సూరాడ కొండమ్మా!"

తెప్పంతా ఆగిపోయింది. వల లాగుతున్నవాళ్లు వల వదిలేశారు. ఒక ముసలావిడ పిల్లని దగ్గరికి లాక్కుంది. ముప్పై ఏళ్లకి పైగా ఆ మైకులో మనిషి పేరు ఎవరూ వినలేదు. విన్నవాళ్లెవరూ మరిచిపోలేదు.

అరుగు మీద కొండమ్మ రెండు చేతులూ పైకెత్తింది.

"ఉన్నాను!"